ప్లేటో పుస్తకంలో 514ఎ ఎక్కడుంది?

మీ దగ్గరున్న ‘రిపబ్లిక్’ అనువాదం 400 పేజీలే, మీరు చదివిన వ్యాసంలో మాత్రం అందులోని గుహ ఉపమానానికి (గుహలో బందీలై నీడల్నే నిజమనుకునే మనుషుల కథ) 514ఎ అని ఇచ్చారు, అచ్చుతప్పేమో అని అడిగారు. కాదండీ. అది మీ పుస్తకం పేజీ కాదు, 1578 నాటి పేజీ!

ఆ ఏడాది ఆన్రీ ఎతియెన్ (లాటిన్‌లో స్టెఫానస్) ప్లేటో రచనలను గ్రీకు మూలం, దాని పక్కనే లాటిన్ అనువాదంతో మూడు సంపుటాలుగా అచ్చువేశాడు. పేజీని ఎ, బి, సి, డి, ఇ అని భాగాలు చేశాడు. నేటికీ పండితులు ఆ అంకెలే వాడతారు. ఏ భాషలో చదివినా ఒకే చోటు దొరుకుతుంది. మనం భారతంలో పద్యాన్ని పర్వం, ఆశ్వాసం, సంఖ్యలతో చెప్పుకున్నట్టే. నాకు ఈ ఏర్పాటంటే చాలా ఇష్టం.

ముందు మీ పుస్తకం అంచుల్లో చిన్న అక్షరాల్లో ఈ అంకెలున్నాయేమో చూడండి. చౌక ముద్రణల్లో తరచూ తీసేస్తారు. లేకపోతే నేరుగా ‘రిపబ్లిక్’ ఏడో భాగం (బుక్ 7) తెరవండి, దాని మొదటి వాక్యమే 514ఎ.

ఒక జాగ్రత్త. సంపుటం మారితే లెక్క మళ్లీ 1 నుంచి మొదలవుతుంది, కాబట్టి మీరు రాసేటప్పుడు రచన పేరు తప్పనిసరి. ‘17ఎ’ అని ఊరకే రాస్తే చాలదు, ‘అపాలజీ 17ఎ’ అనాలి.

అరిస్టాటిల్‌కి వేరే లెక్క: 1831లో బెర్లిన్‌లో బెకర్ అనే పండితుడి సంపాదకత్వంలో వచ్చిన ముద్రణ. అక్కడ ఎ, బి అంటే పేజీలోని రెండు నిలువు వరుసలు. ‘నికోమాకియన్ ఎథిక్స్’ 1094ఎ దగ్గర మొదలవుతుంది.