నీళ్ల బకెట్‌లో శబ్దవేగం: ఆ 21 మీటర్లు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: 512 హెర్ట్జ్ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్), బకెట్ నిండా నీళ్లు, లోపలి వ్యాసం 3.2 సెం.మీ. ఉన్న 40 సెం.మీ. పీవీసీ గొట్టంతో ఇంట్లోనే శబ్దవేగం కొలిచాను. గొట్టంలో నీటికి పైనున్న గాలిస్తంభం 16 సెం.మీ. ఉన్నప్పుడు మోత బాగా పెరిగింది. దాన్ని నాలుగు రెట్లు చేసి 512తో గుణిస్తే సెకనుకు 328 మీటర్లే వచ్చింది. గదిలో 30 డిగ్రీలుంది, 349 రావాలి కదా?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీరు బాగానే కొలిచారు. సున్నా డిగ్రీల దగ్గర వేగమైన 331కి 30 డిగ్రీలకు గాను 18 కలిపితే 349, అదీ సరైనదే. పొరపాటల్లా 16 సెం.మీ.ను తరంగదైర్ఘ్యంలో సరిగ్గా పావు వంతు అనుకోవడంలో ఉంది.

నీటిమట్టం దగ్గర గాలి కదలడానికి వీల్లేదు, అది అస్పందన స్థానం. గాలి అన్నిటికంటే ఎక్కువగా ఊగే చోటైన ప్రస్పందన స్థానాన్ని పుస్తకాల్లో గొట్టం మూతి దగ్గరే గీస్తారు. కానీ మూతి బయటున్న కాస్త గాలి కూడా లోపలి గాలితో పాటే ఊగుతుంది. అందుకే ఆ స్థానం మూతికి కొంచెం పైన, గొట్టం లోపలి వ్యాసంలో దాదాపు 0.3 వంతు ఎత్తున ఏర్పడుతుంది. మీ గొట్టానికి అది సుమారు 1 సెం.మీ. ఇప్పుడు 17 సెం.మీ.తో లెక్క వేయండి, 348 వస్తుంది.

ఈ సవరణ జోలికే పోకుండా చేసే పద్ధతి ఇంకా మంచిది. మోత బాగా పెరిగే రెండో చోటు, అంటే రెండో అనునాదం కూడా పట్టుకోండి, అది 50 సెం.మీ. దగ్గర దొరుకుతుంది. పెద్ద పొడవులోంచి చిన్నది తీసేస్తే రెండింటిలోనూ ఉన్న ఆ 1 సెం.మీ. కొట్టుకుపోతుంది. మిగిలిన 34 సెం.మీ. తరంగదైర్ఘ్యంలో సగం. దీనికి మీ 40 సెం.మీ. గొట్టం చాలదు; పొడవాటి గొట్టం ఒక్కటే వాడదామంటే, బకెట్ లోతు 30 సెం.మీ.కు మించదు కాబట్టి 16 సెం.మీ. అనునాదం దొరకదు. అందుకే రెండో అనునాదానికి అదే రకం గొట్టం 60 సెం.మీ. ముక్క ఇంకొకటి తీసుకుంటే సరిపోతుంది. వ్యాసం మాత్రం మారకూడదు.

దండాన్ని బల్లకేసి కొట్టకండి, పైస్వరాలు కలిసి అసలు మోతను మరుగుపరుస్తాయి. చెప్పు రబ్బరు మడమ మీద కొట్టి, భుజాలు పైకీ కిందికీ కదిలేలా మూతికి 1 సెం.మీ. పైన అడ్డంగా పట్టుకోండి. గొట్టానికి తగిలితే మోత చచ్చిపోతుంది. గొట్టాన్ని ఒకసారి పైకి లేపుతూ, ఒకసారి దించుతూ మోత గరిష్ఠమయ్యే చోటు గుర్తించి సగటు తీయండి. ఒక్క వైపు నుంచే వెళ్తే చెవి కాస్త దాటాకే గుర్తిస్తుంది. గొట్టంలో తేమ వల్ల వేగం కొద్దిగా పెరుగుతుంది గానీ ఆ తేడా ఒక శాతం లోపే.

ప్రశ్న: ఏసీ హాల్లో వేణువు శ్రుతి దిగుతుంది, వీణ శ్రుతి ఎక్కుతుంది. ఒకే చలికి రెండు రకాలా?
– సంగీత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: వేణువులో మోగేది గాలి, వీణలో మోగేది తీగ. 34 డిగ్రీల ఎండలోంచి 22 డిగ్రీల హాల్లోకి వస్తే గాలిలో శబ్దవేగం 2 శాతం తగ్గుతుంది. వెదురు పొడవు మారదు కాబట్టి శ్రుతి కూడా అంతే దిగుతుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య తేడా సుమారు 6 శాతం, అంటే మూడో వంతు స్థానం పడిపోయినట్టు; రసికుల చెవికి అది చాలా ఎక్కువ. తీగ చలికి ముడుచుకుని బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది.

వీణకు బిరడాలున్నాయి, వేణువుకు లేవు. అందుకని రంధ్రాలన్నీ మూసి కొన్ని నిమిషాలు మెల్లగా ఊది, ఊపిరి వేడితో వేణువును వెచ్చబరచండి. ఆ తర్వాతే దానికి తంబురా, వయొలిన్ కలపండి. మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తనియావర్తనం వేళ వేణువు ఖాళీగా ఉండి మళ్లీ చల్లబడుతుంది, అది ముగిసేలోగా ఇంకోసారి వెచ్చబరచడం అవసరం.

ప్రశ్న: మెరుపు కనిపించినా ఒక్కోసారి ఉరుము వినబడదేం?
– గృహిణి, సిద్దిపేట

జవాబు: పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లగా ఉంటుంది, అక్కడ శబ్దం నెమ్మదిస్తుంది. దాంతో ఉరుము తరంగాలు పైకి వంగి, దూరాన ఉన్నవారి తల మీదుగా పోతాయి. సాధారణంగా 20, 25 కిలోమీటర్లు దాటితే వినబడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి 3 సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్కించండి. 30 సెకన్ల లోపే ఉరిమితే పొలంలో ఉన్నవారిని వెంటనే ఇంట్లోకి రమ్మనండి, చెట్టు కింద నిలబడనివ్వకండి.