గెడ్డ దగ్గర, పడవ మీద: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాము. దసరా సెలవుల్లో పిల్లలతో అరకు వైపు వెళ్లాలని అనుకుంటున్నాము. బాబుకు 12 ఏళ్లు, పాపకు 8 ఏళ్లు. ఇద్దరూ ఏడాదిగా ఈత కొలనులో ఈత నేర్చుకుంటున్నారు. వారిని చాపరాయి నీళ్లలో ఆడుకోనివ్వవచ్చా? తాటిపూడి జలాశయంలో పడవ ఎక్కించవచ్చా?
– ఒక గృహిణి

జవాబు: పడవ ఎక్కించండి. చాపరాయి విషయంలో మాత్రం కొంత ఆలోచించాలి. డుంబ్రిగుడ మండలంలోని ఆ చోటు నాకు ఎంతో ఇష్టమైనది. విశాలమైన ఏటవాలు బండ మీదుగా గెడ్డ (కొండ వాగు) నీరు పలుచగా జారుతూ ఉంటుంది కనుక, చూసిన వారెవరికైనా అది పిల్లల కోసమే ఏర్పడిన ఆటస్థలంలా తోస్తుంది. అయితే నిత్యం తడిసే ఆ రాతి మీద కంటికి ఆనని పాచి ఉంటుంది. అడుగు జారితే చేతికి పట్టు దొరకదు, నీరు లాగిన చోటికి పోవడమే తప్ప మరో దారి ఉండదు. ఈత కొలనులోని నీరు నిలకడగా ఉంటుంది కాబట్టి, మీ పిల్లలకు ప్రవాహపు బలం ఇంకా తెలియదు. నీటి వేగం రెట్టింపయితే అది మనిషిని నెట్టే బలం నాలుగింతలవుతుంది, అందుకే మోకాటి లోతు నీటిలోనే పెద్దవాళ్లు కూడా పడిపోతుంటారు.

మీరు వెళ్లే కాలాన్ని కూడా చూసుకోవాలి. బంగాళాఖాతంలో అక్టోబరు తుఫానుల నెల. హుద్‌హుద్ మన నగరాన్ని తాకింది 2014 అక్టోబరు 12న. మీరు నిలుచున్న చోట ఎండ కాస్తున్నా, ఎగువ కొండల మీద కురిసిన వానకు గెడ్డ చూస్తుండగానే పెరుగుతుంది. తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా, సామాన్ల కోసం ఆగకుండా పిల్లలను గట్టెక్కించండి. వాన లేని రోజున, స్థానికులు చూపించిన చోట, పాదాలు మునిగే నీటిలో పిల్లల చేయి వదలకుండా కూర్చోండి. ఆ చల్లదనం చాలు, మరీ లోపలికి దిగనక్కరలేదు.

ఇక తాటిపూడి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహలను దాటి వచ్చి ఇక్కడ జలాశయంగా నిలిచి, చివరికి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరం తాగే నీటిలో కొంత ఈ జలాశయానిదే కనుక అందులో చెత్త వేయకండి. పిల్లలకు వారి కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లనే అడిగి తీసుకోండి; భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగినప్పుడు జాకెట్ గడ్డం దాటి పైకి వస్తే అది వదులని అర్థం. ఫొటో కోసం అందరూ ఒకే వైపు చేరవద్దు. గాలి లేచిన రోజునా, వరద ఉన్న రోజునా పడవ ఎక్కనే వద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీదున్నప్పుడు కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు.

ప్రశ్న: నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసుకొని జలపాతం కింద స్నానం చేయవచ్చా?
– ఎం.వి.పి. కాలనీ పాఠకుడు

జవాబు: వద్దు. నురగలు కక్కే నీటిలో గాలి బుడగలు నిండి ఉంటాయి కాబట్టి అది మనిషిని మామూలు నీటిలా తేల్చదు, పైగా కిందికి దూకిన ధార మనిషిని మళ్లీ మళ్లీ లోపలికే తిప్పుతుంది. పై నుంచి రాళ్లు పడే ప్రమాదమూ ఉంది. తుంపరలు తగిలేంత దూరంలో, పక్కన నిలబడండి. ఎవరైనా జారిపడితే వెంటనే దూకకుండా తాడో, చీరో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసిరి, 112కు ఫోన్ చేయించండి. కొండల మధ్య చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కనుక, దారిలో అది ఎక్కడి దాకా అందుతోందో ముందే గమనించి పెట్టుకోండి.