రిపోర్టు రాసుకెళ్లాక ఎవరూ ఫోన్ చేయలేదంటే

టెక్సస్‌లోని మీ ఇంట్లో నగలు, లాప్‌టాప్ చోరీ అయి పది రోజులైనా, రిపోర్టు రాసుకెళ్లిన డెప్యూటీ (కౌంటీ పోలీసు విభాగమైన షెరిఫ్ ఆఫీసు పోలీసు) ఫోన్ ఎత్తడం లేదన్నారు. అతను గస్తీ తిరిగే మనిషి. రిపోర్టు రాశాక అతని పని దాదాపు అయిపోయినట్టే, వెంటపడి లాభం లేదు.

టెక్సస్ కౌంటీల్లో మామూలుగా ఆ రిపోర్టు షెరిఫ్ ఆఫీసులోని క్రిమినల్ ఇన్వెస్టిగేషన్స్ డివిజన్‌కి వెళ్తుంది. పొట్టిగా సీఐడీ అంటారు, మన రాష్ట్రస్థాయి సీఐడీ అనుకోకండి. పైన కెప్టెనో లెఫ్టినెంటో, కింద సార్జెంట్లు, వాళ్ల కింద డిటెక్టివ్‌లు. హత్యలు, దాడులు ఒక జట్టు చూస్తే దొంగతనాలు, మోసాలు ఇంకో జట్టు. చిన్న కౌంటీలో ఇద్దరు ముగ్గురే అన్నీ చూస్తారు. సార్జెంట్ రిపోర్టు చదివి వేలిముద్ర, వీడియో, బండి నంబరు లాంటి ఆధారం కనిపిస్తేనే డిటెక్టివ్‌కి ఇస్తాడు. లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. మీదీ అక్కడే ఆగి ఉండొచ్చు.

కేసు నంబరుతో ఫోన్ చేసి ప్రాపర్టీ క్రైమ్స్ (దొంగతనాలు చూసే జట్టు) సార్జెంట్‌ని అడగండి. రిపోర్టుకి అదనపు వివరాలు చేర్చాలని చెప్పండి. లాప్‌టాప్ సీరియల్ నంబరు పెట్టె మీద ఉంటుంది. అదిస్తే దేశవ్యాప్త చోరీ జాబితాకెక్కించి, తాకట్టు కొట్ల రికార్డుల్లో వెతకగలరు. నగలకు నంబరుండదు కాబట్టి గ్రాముల బరువున్న బిల్లు, పెళ్లి ఫొటోలో హారం దగ్గరగా కనిపించేలా కత్తిరించిన ముక్క పంపండి. "గోల్డ్ నెక్లెస్" అని రాస్తే ఎవరూ పోల్చలేరు. పక్కింటివాళ్ల డోర్‌బెల్ వీడియో కొన్నాళ్లకే చెరిగిపోతుంది, ఇవాళే అడగండి.

అన్నట్టు, మీ ఇల్లు సిటీ హద్దుల్లో ఉంటే కేసు సాధారణంగా సిటీ పోలీసులదే. రిపోర్టు మీద ఏ ఆఫీసు పేరుందో ముందు చూసుకోండి.