ఒక్కటే చూడాలంటే, ఇద్దరు రాబిన్‌లున్న సీరియల్ చూడండి

"రాబిన్ హుడ్ మీద ఇన్ని సినిమాలు, సీరియళ్ళు వచ్చాయి కదా, ఒక్కటే చూసే టైముంటే ఏది చూడాలి?" అని అడిగారు. ఇప్పటికే జవాబిచ్చినవాళ్ళలో సగంమంది 1991లో కెవిన్ కాస్ట్‌నర్ చేసిన సినిమా పేరు చెప్పారు, మిగతావాళ్ళు డిస్నీ కార్టూన్ సినిమాలో రాబిన్‌గా ఉండే నక్కని చూడమన్నారు. నక్కతో నాకు పేచీ లేదు, పిల్లలకి బాగానే ఉంటుంది. కాస్ట్‌నర్‌తో ఉంది, ఆ సంగతి తర్వాత.

నన్నడిగితే 'రాబిన్ ఆఫ్ షెర్వుడ్'. బ్రిటన్‌లో ఐటీవీ ఛానెల్లో 1984 నుంచి 1986 దాకా వచ్చింది. రాసిందీ, పాత్రలు మలిచిందీ ఎక్కువగా రిచర్డ్ కార్పెంటర్. మూడు సీజన్లు, మొత్తం 26 భాగాలు. మన సీరియళ్ళలో 26 భాగాలయ్యేసరికి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఇంకా కాఫీ కూడా తాగి ఉండరు.

ముందే చెబుతున్నా, ఇక్కడినుంచి కథ మొత్తం బయటపెట్టేస్తాను. నలభై ఏళ్ళు దాటిన సీరియల్ గుట్టు దాచమంటే నా వల్ల కాదు.

మేము బ్రిస్టల్‌లో ఉన్నప్పుడు ఒక చలికాలం మా మామగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. అక్కడ డిసెంబర్లో సాయంత్రం నాలుగింటికే చీకటి. బయటికెళ్దామంటే వాన, ఇంట్లో కూర్చుందామంటే తెలుగు ఛానెళ్ళ పెట్టె నెలకి నాలుగుసార్లు మొరాయించేది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేశారా మేడమ్" తప్ప ఇంకో మాట ఉండదు. ఆ బాధ పడలేక, పాత సామాన్లమ్మే ఛారిటీ షాపులో దొరికిన ఈ సీరియల్ డీవీడీల సెట్ తెచ్చి పెట్టాను. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను పక్కన కూర్చుని చెబుతూ ఉండేదాన్ని. మూడో రోజుకల్లా నా అవసరం తీరిపోయింది. రాబిన్‌కి శత్రువైన నాటింగ్‌హమ్ అధికారి షెరీఫ్‌కి శకుని అని, అతని కింద పనిచేసే గై ఆఫ్ గిస్బర్న్‌కి దుశ్శాసనుడని, రాబిన్ ముఠాలోని భారీమనిషి లిటిల్ జాన్‌కి భీముడని ఆయనే పేర్లు పెట్టేసుకున్నారు. షెరీఫ్‌గా వేసిన నికొలస్ గ్రేస్ ఎప్పుడు అరిచినా ఈయన ఇంట్లో కూడా తీయని మంకీ క్యాపు సర్దుకుని "వేషం కుదిరిందమ్మా వీడికి" అనేవారు.

ఇందులో రాబిన్ ఆకుపచ్చ మేజోళ్ళేసుకుని నడుంమీద చేతులు పెట్టి నవ్వే రకం కాదు. లాక్స్‌లీ ఊరివాడు, తండ్రిని షెరీఫ్ మనుషులు చంపేశారు, ఊరు తగలబెట్టారు. అడవిలో దుప్పి కొమ్ములు తలకెత్తుకున్న హెర్న్ అనే వేటగాడు కనిపించి "నువ్వు నా కొడుకువి" అంటాడు. అంతా బురద, పొగ, తడి ఆకులు. వాళ్ళని చూస్తే నిజంగానే వారంరోజులుగా స్నానం లేనట్టు ఉంటారు. రాబిన్ వేషం మైకేల్ ప్రేడ్ వేశాడు. నల్లజుట్టు, పెద్దపెద్ద కళ్ళు. రెండు సీజన్లు అతనే.

రెండో సీజన్ ఆఖరి భాగం చూసిన రాత్రి నాకు బాగా గుర్తు. రాబిన్, అతను ప్రేమించిన మారియన్, మచ్ అనే కుర్రాడు సైనికులకి దొరక్కుండా పారిపోతూ ఒక కొండమీద చిక్కుకుపోతారు. వాళ్ళిద్దర్నీ తప్పించుకోమని పంపేసి రాబిన్ ఒక్కడే నిలబడతాడు. బాణాలన్నీ అయిపోయి ఒక్కటి మిగులుతుంది. ఎదురుగా షెరీఫ్. మామగారు సోఫా అంచుకి వచ్చేశారు. రాబిన్ గురిపెట్టి, ఆ ఒక్క బాణం కూడా షెరీఫ్‌కి తగలకుండా పైకి వదిలేసి, విల్లు విరిచి పారేస్తాడు. చుట్టూ సైనికులు ఎక్కుపెట్టి ఉన్నారు.

"అదేంటమ్మా! ఆఖరి బాణం శకునిగాడి గుండెల్లో దింపకుండా గాల్లోకి వదుల్తాడేంటి?"

"ఏమో మామయ్యగారూ, చూడండి."

"వీడు చచ్చిపోతే మిగతా డిస్కుల్లో ఏముంది మరి?"

అసలు ప్రశ్న అదే కదా! కొద్దిసేపట్లో ముసుగేసుకున్న మనిషొకడు వచ్చి మిగతావాళ్ళని విడిపిస్తాడు. ముఖం కనిపించదు. మారియన్ రాబినే అనుకుంటుంది, కాదు. చివర్లో అందరూ చెరువు గట్టున చేరి ఒక్కొక్కరూ నిప్పంటించిన బాణం నీళ్ళమీదుగా వదులుతారు. మా ఆయన వంటింట్లోంచి "అన్నం చల్లారిపోతోంది" అని అరుస్తున్నా ఇద్దరం లేవలేదు.

జరిగిందేమిటంటే, ప్రేడ్‌కి అమెరికాలో బ్రాడ్‌వే నాటకంలో అవకాశం వచ్చి వెళ్ళిపోయాడు. మూడో సీజన్ 13 భాగాలకి జేసన్ కానరీ వచ్చాడు, షాన్ కానరీ కొడుకు. బంగారురంగు జుట్టు, కులాసా ముఖం. నాకు చూడగానే చిరాకేసింది. డిస్క్ తీసేద్దామని లేస్తే మామగారు ఆపారు.

"కూర్చోమ్మా. మా రోజుల్లో కురుక్షేత్రం నాటకమేస్తే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. ఒకాయన నల్లగా పొట్టిగా ఉండేవాడు, ఇంకొకాయన ఆరడుగులు. తెల్లవార్లూ చూశాం, ఒక్కడన్నా లేచిపోయాడా? కిరీటం ఎవరు పెట్టుకుంటే వాడే కృష్ణుడు."

ఇంగ్లండులో ఈ సీరియల్ మీద ఇంతకంటే మంచి మాట ఎవరూ చెప్పి ఉండరని నా గట్టి నమ్మకం. ఎందుకంటే కార్పెంటర్ చేసింది సరిగ్గా ఇదే. రాబిన్ గురించి రెండు రకాల కథలున్నాయి. బల్లాడ్లనే పాత పాటకథల్లో అతను మామూలు రైతుబిడ్డలాంటివాడు. 1598లో ఆంథొనీ మండే రాసిన నాటకాల్లో హంటింగ్‌డన్ ప్రభువైపోయాడు. కార్పెంటర్ రెండూ వాడుకున్నాడు: చచ్చిపోయిన రాబిన్ లాక్స్‌లీ పల్లెటూరివాడు, తర్వాత వచ్చినవాడు హంటింగ్‌డన్ ప్రభువు కొడుకు రాబర్ట్. హెర్న్ ఆ బాధ్యత ఇతని నెత్తిన పెడతాడు. నటుడు వెళ్ళిపోయాడన్న తలనొప్పిని తీసుకెళ్ళి కథకే వెన్నెముక చేసేశాడు! మన దగ్గరైతే? హీరోయిన్ మానేస్తే మర్నాడు కొత్తమ్మాయి అదే చీరలో అదే మెట్లు దిగుతుంది, కింద ఒక చిన్న అక్షరాల పట్టీ. లేకపోతే కారు యాక్సిడెంటు, ప్లాస్టిక్ సర్జరీ. చూసేవాళ్ళంటే అంత చులకన. (నాకిప్పటికీ మొదటి రాబినే ఇష్టం, అది వేరే సంగతి.)

కాస్ట్‌నర్ దగ్గరికి వద్దాం. ఆ సినిమాలో మోర్గన్ ఫ్రీమన్ వేసిన అజీమ్ చాలా కొత్తగా ఉన్నాడని రాశారొకరు. అయ్యా, రాబిన్ పక్కన ముస్లిం యోధుణ్ణి నిలబెట్టింది ఈ సీరియల్. నాసిర్ అనే ఆ పాత్రని మొదట్లోనే చంపేద్దామనుకున్నారు, వేసిన మార్క్ ర్యాన్ నచ్చి ఉంచేశారు. రెండు కత్తులు, భాగానికి రెండు మాటలు, అయినా అందరికంటే అతనే గుర్తుంటాడు. ఇంకోటి, ఆ సినిమా చివర్లో రిచర్డ్ రాజు దేవుడిలా ప్రత్యక్షమై అన్నీ చక్కబెట్టేస్తాడు. ఈ సీరియల్లో అదే రాజు రాబిన్‌ని భుజం తట్టి దగ్గరికి తీసి, తన యుద్ధాలకి వాడుకోవాలని చూసి, ఎదురుచెప్పేసరికి చంపించబోతాడు. పదేళ్ళ పాలనలో ఇంగ్లండులో ఏడాది కూడా ఉండని మనిషి ఆయన. ఏది నిజానికి దగ్గరో మీరే చూసుకోండి.

సీరియల్ చూశాక మామగారు ఆ అడవి చూపించమన్నారు. బ్రిస్టల్ నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి నాటింగ్‌హమ్ దాటి ఎడ్విన్‌స్టోవ్ దాకా వెళ్ళాం. అక్కడ మేజర్ ఓక్ అని వందల ఏళ్ళనాటి చెట్టు, కొమ్మలకింద ఊతకర్రలు, చుట్టూ కంచె, పక్కన ప్లాస్టిక్ విల్లంబుల దుకాణం. "మనం చూసిన అడవి ఇది కాదే" అన్నారాయన. కాదు మరి! షూటింగ్ చాలావరకు చేసింది బ్రిస్టల్ చుట్టుపక్కలే. ఇంటిపక్కనున్న అడవి వదిలేసి పార్కింగ్‌కి డబ్బులు కట్టి ఊతకర్రలు చూసొచ్చామని మా ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

క్లానాడ్ అనే ఐర్లండ్ బృందం చేసిన సంగీతానికి బాఫ్టా అవార్డు వచ్చింది, అది హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. కథ మాత్రం మూడో సీజన్‌తో తెగిపోతుంది. మారియన్ సన్యాసినుల మఠంలో చేరిపోతుంది, రాబిన్ ఇటు ఉండిపోతాడు, అంతే. డబ్బు పెట్టిన గోల్డ్‌క్రెస్ట్ అనే సినిమా కంపెనీ కష్టాల్లో పడి తప్పుకుంది, సీరియల్ తీసిన హెచ్‌టీవీ అనే టీవీ సంస్థ ఒక్కటే ఆ ఖర్చు మోయలేకపోయింది, నాలుగో సీజన్ రాలేదు. ఆపమని మనం దండం పెడుతున్న సీరియళ్ళకేమో ఏళ్ళతరబడి స్పాన్సర్లు దొరుకుతూనే ఉంటారు.