వయోలా వైపు చూడు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. మధ్యాహ్న భోజన విరామంలో ఒక చర్చిలో ఎనిమిదిమంది కుర్ర వాద్యకారులు చేసిన కచేరీ గురించి రాశావు. మంచి విషయం ఎంచుకున్నావు. నువ్వు నిజంగానే కదిలిపోయావని చదువుతుంటే తెలుస్తోంది. కానీ మొదటి పేజీలోనే గంధర్వగానం, అమృతధార, మైమరపు అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. ఆ మాటలు ఏ కచేరీకైనా అతుకుతాయి, అందుకే ఈ కచేరీ గురించి ఏమీ చెప్పవు. అవి నీ సంతోషాన్ని చెబుతాయి. ఆ పిల్లలు అక్కడ ఏం చేశారో చదివేవాడికి తెలియదు.

మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు లోతైనది) పట్టుకున్న అమ్మాయి తన వంతు రానప్పుడు కూడా కమాను (తీగల మీద లాగే కర్ర) గాలిలోనే ఉంచి, పక్కవాళ్ళ చేతుల్ని చూస్తూ కూర్చుందని రాశావు. వ్యాసం అక్కణ్ణించి మొదలుపెట్టు.

ఎందుకో చెబుతాను. నలుగురో ఎనిమిదిమందో కలిసి వాయించే ఈ పాశ్చాత్య సంగీతంలో ముందు నిలబడి చేతులూపే నిర్వాహకుడు ఉండడు. మొదటి వయొలిన్ వాయించేవారు ఊపిరి పీల్చడం, వాద్యం తలను కాస్త పైకెత్తడం, అదే సైగ. ఆ క్షణంలో అందరి కమానులూ తీగల్ని తాకాలి. ఆపైన ప్రతి మలుపులోనూ ఒకరినొకరు వింటూ నడవాలి. పల్లకీ మోసే నలుగురిలో ఎవరి అడుగు తేడా పడినా మిగతా ముగ్గురికీ భుజం మీద తెలిసినట్టే ఇక్కడా తెలుస్తుంది. కొత్తగా వెళ్ళినవాళ్ళ చూపు మొదటి వయొలిన్ మీదే ఉంటుంది, పాట ఎక్కువగా అక్కడే ఉంటుంది కాబట్టి. నువ్వు రెండో వయొలిన్‌నీ, వయోలానీ చూడు. మధ్యలో వాళ్ళు వాయించే ఒక్క స్వరం మారితే పైనున్న పాట రంగే మారిపోతుంది. వయోలా శ్రుతి వయొలిన్ కన్నా పంచమం అంత (స నుంచి ప దాకా ఉన్న దూరం) కింద ఉంటుంది. ఆ లోతుకు తగినంత పెద్దగా దాని పెట్టెను చేస్తే గడ్డం కింద పట్టుకోలేరు. అందుకే కాస్త చిన్నదిగానే చేస్తారు, దానితో గొంతులో ఒక మసక మిగిలిపోయింది. ఆ మసకే దాని అందం. ఒకే గొంతు వెంట నడిచే రాగానికి అలవాటుపడ్డ చెవికి, నాలుగు గొంతులు ఏకకాలంలో నాలుగు దారుల్లో వెళ్ళడం మొదట గజిబిజిగా ఉంటుంది. నీ పాఠకుల్లో చాలామందిది అదే చెవి. వాళ్ళ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళే పని నీది.

మొదట నలుగురు వాయించిన, స్వరకర్త హైడన్ క్వార్టెట్‌ను (నాలుగు వాద్యాల కోసం రాసిన కృతిని) రెండు వాక్యాల్లో దాటేశావు. అది ఓపస్ 33 (33వ సంఖ్యతో అచ్చయిన కృతుల సంపుటి)లో రెండోది, 1781 నాటిది. దాన్ని 'జోక్' అని పిలుస్తారని రాసి ఊరుకున్నావు. ఆ పేరు ఎందుకొచ్చిందో చివరి భాగంలో నీ కళ్ళముందే జరిగింది కదా! పరుగెత్తుతున్న పాట హఠాత్తుగా నెమ్మదిస్తుంది. తర్వాత మొదటి పాటే తిరిగొస్తుంది, కానీ ముక్కలు ముక్కలుగా, ప్రతి ముక్క తర్వాతా నిశ్శబ్దంతో. ఆఖరి ముక్క అయ్యాక ఇంకా పొడవైన నిశ్శబ్దం. అయిపోయిందనుకుని చప్పట్లకు చేతులు లేస్తాయి. అప్పుడు పాట మొదటి ముక్క అతి మెల్లగా మరోసారి వినిపిస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. మొదలే ముగింపు.

ఇప్పుడు ఆ చర్చిని తలచుకో. పెద్ద రాతి కట్టడంలో శబ్దం ఆగాక కూడా రెండు మూడు సెకన్లు గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. హైడన్ రాసిన నిశ్శబ్దాలు అక్కడ ఖాళీగా ఉండవు, ముందటి స్వరాల శేషంతో నిండి ఉంటాయి. ఆ శేషం అణిగేదాకా ఆగాలా, కాగితం మీద రాసిన కొలత ప్రకారం వెళ్ళిపోవాలా? ఆ నలుగురూ మాట్లాడుకోకుండా అక్కడికక్కడే తేల్చుకోవాలి. నీ కచేరీలో ఎవరు ముందుగా కదిలారు? ఎంతసేపు ఆగారు? జనం ఎక్కడ మోసపోయారు? ఇది నాకు చెప్పు.

పొద్దున ఖాళీ చర్చిలో సాధన చేసినప్పటి ధ్వని, జనం నిండాక ఉండదు. మనుషులూ వాళ్ళ బట్టలూ ముఖ్యంగా పై స్వరాల్ని పీల్చేసుకుంటాయి. అందుకని మొదటి నిమిషంలో వాయించేవాళ్ళు గదిని తడిమి చూసుకుంటారు, వేగం కొంచెం సర్దుకుంటారు. చలి, తేమ మారితే తీగలు శ్రుతి తప్పుతాయి. మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వాద్యం చెల్లో అడుగున ఉండే లోహపు ముల్లు నున్నటి రాతినేల మీద జారుతుంది. అందుకే కుర్చీ కాలికి పట్టీ కట్టి దాన్ని ఆపుతారు, లేదా చిన్న చెక్క వేసుకుంటారు. ఇలాంటివి కళ్ళారా చూసి ఉంటే తప్పకుండా రాయి. చూడనిది కల్పించి రాయొద్దు.

ఎనిమిదిమందీ కలిసి వాయించిన, స్వరకర్త మెండెల్సన్ ఆక్టెట్‌కు (ఎనిమిది వాద్యాల కృతికి) ఎక్కువ చోటివ్వు. నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు. 1825లో రాసినప్పుడు అతనికి పదహారేళ్ళు. వయొలిన్ నేర్పిన ఎడ్వర్డ్ రీట్స్‌కు పుట్టినరోజు కానుకగా రాశాడు. మొదటి వయొలిన్‌కు అంత మిరుమిట్లు గొలిపే పని ఎందుకుందో దానితో అర్థమవుతుంది. ఎనిమిదిమందీ సింఫనీ ఆర్కెస్ట్రాలాగా వాయించాలనీ, మెల్లని చోట్లూ బిగ్గరి చోట్లూ మామూలుకన్నా స్పష్టంగా వేరుపడాలనీ స్వరప్రతిలోనే అడిగాడు. మూడో భాగం స్కెర్జో (చలాకీగా సాగే భాగం) అంతా గుసగుస స్థాయిలో, విడివిడి పొట్టి స్వరాలతో సాగుతుంది. ఎనిమిది కమానులు అంత మెల్లగా, అంత వేగంగా కలిసి కదలడం బిగ్గరగా వాయించడం కన్నా కష్టం. చివరి భాగాన్ని రెండో చెల్లో అడుగు తీగల మీద ఒంటరిగా పరుగుతో మొదలుపెడుతుంది, తర్వాత ఒక్కొక్కరే పైకి చేరుతారు. మారుమోగే చర్చిలో ఆ అడుగు స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. నువ్వు 'గంభీరమైన గర్జన' అన్నది బహుశా ఆ కలగాపులగమే. ఆ చెల్లో కుర్రాడు కమానును పొట్టిగా కొట్టి స్వరాల్ని విడదీయడానికి ప్రయత్నించాడా? చేసుంటే అది మెచ్చుకోవలసిన తెలివి.

మధ్యాహ్నపు కచేరీల చరిత్ర ఒక్క పేరాలో చాలు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలై లండన్‌లో కచేరీ హాళ్ళు మూతపడ్డప్పుడు, చిత్రపటాలు తరలించిన నేషనల్ గ్యాలరీ అనే చిత్రశాలలో పియానిస్టు మైరా హెస్ అక్టోబర్ 10న మధ్యాహ్న కచేరీలు ప్రారంభించింది. టికెట్టు ఒక షిల్లింగు. 1946 ఏప్రిల్ దాకా 1,698 కచేరీలు జరిగాయి. బాంబులు పడుతుంటే నేలమాళిగలోకి మారాయి కానీ ఆగలేదు. ఆ పక్కనే ఉన్న సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ చర్చి మధ్యాహ్న కచేరీల్లో ఎందరో యువ వాద్యకారులు వాయించారు. పనిరోజు నడుమ ఒక గంట దొరికినా జనం క్వార్టెట్ వినడానికి వస్తారని ఇదంతా చెబుతోంది.

ఇక వయసు సంగతి. 'ఇంత చిన్న వయసులోనే' అని నాలుగుసార్లు రాశావు. అన్నీ కొట్టెయ్. వాళ్ళు దయ కోసం రాలేదు. స్కెర్జోలో ఎవరో ఒక్క స్వరం ముందుగా దూకారని రాశావు, అది ఉంచు. తర్వాతి రెండు తాళపు కొలతల్లో అందరూ ఎలా కూడుకున్నారో కూడా రాయి, నాకు అదే ముఖ్యం. పేర్లూ, చదువుకునే చోటూ అవసరం లేదు, వాద్యం పేరు చాలు.

మెండెల్సన్ కూడా ఆ ఆక్టెట్‌ను అచ్చుకిచ్చే ముందు చాలా చోట్ల దిద్దుకున్నాడు. అది అచ్చయింది 1833లో. నీకు అంత వ్యవధి ఇవ్వను. వీలైతే అదే చర్చిలో మరో కచేరీకి వెళ్ళు, ఈసారి పక్క వరసలో, వయోలా చేతులు కనిపించే చోట కూర్చో. నెలాఖరులోగా తిరగరాసి పంపు, మళ్ళీ చదువుతాను.

ఆశీస్సులతో