పీసీఆర్ఈ2 బిల్డ్ చేసేటప్పుడు ఏ ఆప్షన్లు ఇవ్వాలి? తెలుగు టెక్స్ట్‌కి 16-బిట్ లైబ్రరీ కావాలా?

పీసీఆర్ఈ2 (టెక్స్ట్‌లో ప్యాటర్న్‌లు వెతికే రెజెక్స్ లైబ్రరీ) గురించి మీరు అడిగినవి మూడు. కాన్ఫిగర్‌లో కనిపించే అన్ని ఆప్షన్లలో ఏవి ఆన్ చేయాలి, తెలుగు మెసేజ్‌లు వెతకడానికి 16-బిట్ లైబ్రరీ కావాలా, జిట్ (ప్యాటర్న్‌ను మెషీన్ కోడ్‌గా మార్చి వేగం పెంచేది) ఆన్ చేసి బిల్డ్ చేసినా వేగం ఎందుకు పెరగలేదు. నేను బెంగళూరులో, మారతహళ్ళి వైపు ఒక చిన్న కంపెనీలో మూడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. కస్టమర్లు తెలుగులో పంపే ఫిర్యాదుల మెసేజ్‌లను విడదీసే ప్రోగ్రామ్ మాది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎనేబుల్-జిట్ ఒక్కటి ఇవ్వండి. మిగతావి ఎలా ఉన్నవి అలా వదిలేయండి. 16-బిట్ మీకు అక్కర్లేదు. 8, 16, 32 అనేవి భాషకు సంబంధించిన లెక్కలు కావు, మీ స్ట్రింగ్ మెమరీలో ఏ రూపంలో ఉందన్న దానికి సంబంధించినవి. మీ డేటా యూటీఎఫ్-8 అంటున్నారు కాబట్టి మామూలుగా వచ్చే 8-బిట్ లైబ్రరీయే సరైనది. క్యూటీ (యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) లాగా లోపల యూటీఎఫ్-16 వాడే చోట 16-బిట్ పనికొస్తుంది.

పాత ట్యుటోరియల్స్‌లో ఎనేబుల్-యూటీఎఫ్ ఇవ్వమని రాసి ఉంటుంది. అది పాత పీసీఆర్ఈ సంగతి. ఆ వరుస 2021లో 8.45తో ఆగిపోయింది. పీసీఆర్ఈ2లో యూనికోడ్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది, మనంతట మనం డిసేబుల్-యూనికోడ్ ఇస్తేనే పోతుంది. మా దగ్గర సరిగ్గా అదే జరిగింది. అంతకుముందు ఎవరో ఒక చిన్న పరికరం కోసం, సైజు తగ్గుతుందని యూనికోడ్ తీసేసి బిల్డ్ చేశారు. ఆ లైబ్రరీ సర్వర్‌లో యూజర్ లోకల్ ఫోల్డర్లో అలాగే ఉండిపోయింది. కొత్త ప్రోగ్రామ్ పెట్టగానే ప్రతి ప్యాటర్న్‌కీ 132 ఎర్రర్, ఈ వెర్షన్‌లో యూనికోడ్ సపోర్ట్ లేదని. సిస్టమ్ ప్యాకేజీ బాగానే ఉంది, డెవలపర్ మెషీన్‌లో బాగానే నడుస్తోంది. రాత్రి పదింటికి పక్క సీటు అమ్మాయి "అన్నా, ఒకసారి ఎల్‌డీడీ కొట్టి చూడండి, ఏ ఫైల్ లోడ్ అవుతోందో" అనేదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు. చూస్తే లోడ్ అవుతున్నది ఆ పాత ఫైలే.

అందుకని బిల్డ్ అయ్యాక రెండు పనులు తప్పకుండా చేయండి. బిల్డ్ ఫోల్డర్లోనే పీసీఆర్ఈ2టెస్ట్‌కి కేపిటల్ సీ ఆప్షన్ ఇచ్చి నడిపితే జిట్ ఉందా, యూనికోడ్ ఉందా, లింక్ సైజ్ (ప్యాటర్న్ లోపలి లింకులకు వాడే బైట్లు) ఎంత అన్నీ చూపిస్తుంది. అయితే అది చెప్పేది మీరు కట్టిన లైబ్రరీ గురించి. మీ ప్రోగ్రామ్ ఏది పట్టుకుందో తెలియాలంటే ప్రోగ్రామ్ లోపలి నుంచే పీసీఆర్ఈ2_కాన్ఫిగ్ ఫంక్షన్ పిలిచి లాగ్‌లో రాయించండి. మేం ఇప్పుడు ప్రతిసారీ స్టార్టప్‌లో అదే చేస్తాం.

ఇక జిట్. ఆన్ చేసి బిల్డ్ చేస్తే ఆ సౌకర్యం లైబ్రరీలోకి వస్తుంది, అంతే. ప్యాటర్న్ కంపైల్ చేశాక పీసీఆర్ఈ2_జిట్_కంపైల్ అని మీరే విడిగా పిలవాలి. పిలవకపోతే పాత పద్ధతిలోనే నడుస్తుంది, ఎర్రర్ కూడా రాదు. మీరు పెట్టిన కోడ్‌లో ఆ పిలుపు నాకు కనిపించలేదు. వేగం పెరగకపోవడానికి కారణం అదే అనుకుంటున్నాను. పిలిచాక పెద్ద మెసేజ్‌ల మీద మైనస్ 46 వస్తే భయపడకండి. జిట్‌కి మామూలుగా దొరికే స్టాక్ 32 కేబీయే, అది చాలలేదని అర్థం. జిట్_స్టాక్_క్రియేట్‌తో పెద్దది చేసి, జిట్_స్టాక్_అసైన్‌తో మ్యాచ్ కాంటెక్స్ట్‌కి (వెతుకులాట సెట్టింగ్స్ ఉండే చోటు) తగిలిస్తే సరిపోతుంది.

తెలుగు విషయంలో అసలు ఇబ్బంది ఏ బిల్డ్ ఆప్షన్‌తోనూ తీరదు. కంపైల్ చేసేటప్పుడు యూటీఎఫ్, యూసీపీ ఫ్లాగులు రెండూ ఇవ్వాలి. యూటీఎఫ్ లేకపోతే చుక్క (ఏదైనా ఒక అక్షరాన్ని పట్టుకునే గుర్తు) ఒక బైటునే పట్టుకుంటుంది, మన అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. యూసీపీ లేకపోతే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకి (మాటల్లో వచ్చే అక్షరాలను పట్టుకునే గుర్తు) తెలుగు అక్షరం అక్షరమే కాదు. రెండూ ఇచ్చినా పని పూర్తి కాదు. "తెలుగు" అనే మాటనే తీసుకోండి. లోపల అది ఆరు ముక్కలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. 10.43కి ముందు వెర్షన్లలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ గుణింతపు గుర్తులను లెక్కలోకి తీసుకోదు, అందుకని "త" దగ్గరే ఆగిపోతుంది. 10.43 నుంచి ఎంఎన్ (యూనికోడ్‌లో విడిగా చోటు తీసుకోని గుర్తులు) వర్గపు గుర్తులను కలిపారు. ఎత్వం ఎంఎన్ కాబట్టి ఇప్పుడు "తెల" దాకా వస్తుంది. కొమ్ము, సున్న ఎంసీ (చోటు తీసుకునే గుర్తులు) వర్గంలో ఉన్నాయి కాబట్టి అక్కడ మళ్లీ తెగుతుంది. మాట మొత్తం పట్టుకోవాలంటే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వదిలేసి, ఎల్ (అక్షరాలు), ఎం (అన్ని రకాల గుర్తులు) ప్రాపర్టీలు రెండూ ఒకే బ్రాకెట్‌లో పెట్టండి. ఈ ముక్క మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే మాకు రెండు వారాలు మిగిలేవి.

డిఫాల్ట్ మార్చాల్సిన అవసరం నాకు ఒక్కసారే వచ్చింది, లింక్ సైజ్ దగ్గర. అది మామూలుగా 2, అంటే కంపైలైన ప్యాటర్న్ 64 కేబీ దాటకూడదు. ఊళ్ల పేర్లన్నీ నిలువు గీతలతో కలిపి ఒకే ప్యాటర్న్ చేశాం. తెలుగులో ఒక్కో ముక్కకీ లోపల నాలుగు బైట్లు పడతాయి, ఆరు ముక్కల పేరైతే గీతతో కలిపి 27. అంటే సుమారు 2,400 పేర్లకే నిండిపోతుంది. ప్యాటర్న్ మరీ పెద్దదని 120 ఎర్రర్ వచ్చింది. విత్-లింక్-సైజ్ 3 ఇస్తే పోయింది. తర్వాత ఆ పేర్లను హ్యాష్ టేబుల్‌లోకి మార్చి మళ్లీ 2కే వచ్చేశాం. ఊళ్ల జాబితాకి రెజెక్స్ వాడటమే సరి కాదని నా అభిప్రాయం.

మ్యాచ్ లిమిట్ (ఒక వెతుకులాటలో ఎంతదాకా ప్రయత్నించాలన్న హద్దు) మామూలుగా కోటి ఉంటుంది. తగ్గించాలనుకుంటే బిల్డ్‌లో కాకుండా ప్రోగ్రామ్‌లో మ్యాచ్ కాంటెక్స్ట్ ద్వారా తగ్గించండి, అదే లైబ్రరీని వాడే మిగతా ప్రోగ్రామ్‌ల మీద పడదు. న్యూలైన్ ఆప్షన్లు కూడా అంతే, ప్యాటర్న్‌లోనే చెప్పుకోవచ్చు.

జిట్_కంపైల్ పెట్టి ఒకసారి నడపండి. అప్పటికీ తేడా లేకపోతే ఆ కేపిటల్ సీ అవుట్‌పుట్, ఎల్‌డీడీ అవుట్‌పుట్ రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.