లంక పొలంలో గొర్రెలు పెంచి, దూర దీవుల్లో లాగా ఉన్ని, మాంసం అమ్ముకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు విజయవాడలో ఉద్యోగం చేస్తున్నారు. కొల్లిపర వైపు కృష్ణ మధ్య లంకలో మీకు ఆరెకరాలు ఉంది. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని ఫాక్‌లాండ్ దీవుల గొర్రెల వీడియో చూశాక, చుట్టూ నీళ్లే కదా, కంచె ఖర్చూ దొంగల భయమూ ఉండవు, మెరినో గొర్రెలు తెచ్చి ఉన్నీ మాంసమూ రెండూ అమ్మితే ఎలా ఉంటుందని అడిగారు.

నాది తెనాలి దగ్గర. పదకొండేళ్లు విహార ఓడల్లో వంటవాడిగా చేశాను. 2018లో తిరిగొచ్చి మా మేనమామ గారి లంక పొలంలో గొర్రెలు పెట్టాను. ఆ దీవులనూ చూశాను, ఈ లంకలో మందనూ కాశాను కాబట్టి మీకు చెప్పగలను.

ముందు ఉన్ని సంగతి. మెరినో ఆలోచన పూర్తిగా మానుకోండి. అది పొడి వాతావరణంలో బతికే గొర్రె. మే నెల గుంటూరు ఎండకు, ఆ తర్వాత లంకలో ఉండే ఉక్కకు ఒంటి మీద అంత మందాన ఉన్నితో తట్టుకోలేదు. తడిసిన ఉన్నిలో ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. మనకు సరిపడేవి నెల్లూరు గొర్రె, మాచర్ల గొర్రె. వీటి ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే, నూలు తీసే ఉన్ని కాదు. గొంగళ్లు నేసే నల్ల ఉన్ని దక్కనీ గొర్రెది. దానికి కూడా ఇప్పుడు కత్తిరింపు కూలి గిట్టడం కష్టమైపోయింది.

ఇంకో లెక్క చూడండి. ఫాక్‌లాండ్‌లో మనుషులు నాలుగు వేల లోపు, గొర్రెలు దాదాపు ఐదు లక్షలు. వినడానికి బాగుంటుంది గానీ, అక్కడి గడ్డి ఎంత పలుచనంటే ఒక్కో గొర్రెకు ఐదెకరాలకు పైనే పడుతుంది. మీ ఆరెకరాలూ ఆ పద్ధతిలో ఒక్క గొర్రెకే సరి. మనది ఒండ్రు నేల, పైరు వేసి మేపుకోవచ్చు. అంచేత వాళ్ల పెంపకం మనకు పనికిరాదు. మనం నేర్చుకోవాల్సింది వాళ్ల వ్యాపారం నుంచే.

ఫాక్‌లాండ్ రాజధాని స్టాన్లీ ఊళ్లో నేను దిగింది రెండుసార్లే, అదీ కొన్ని గంటలు. చెట్లు అరుదు, నిలబడితే గాలి తోసేస్తోంది. అక్కడి జెండా మీద పైన తెల్ల పొట్టేలు, దాని కింద ఓడ బొమ్మ ఉంటాయి. అప్పుడు ముచ్చటపడి ఫోటో తీసుకున్నాను. ఆ రెండు బొమ్మలూ ఒకేచోట ఎందుకున్నాయో లంకలో మొదటి మంద అమ్మిన రోజున నాకు బాగా అర్థమైంది. దీవిలో గొర్రెను ఎవరైనా పెంచగలరు. దాన్ని నీళ్లు దాటించి అమ్మడంలోనే లాభమైనా నష్టమైనా.

ఆ దీవులు నూరేళ్లకు పైగా ఉన్ని మీద బతకడానికి కారణం కూడా అదే. ఉన్నిని బేళ్లు కట్టి పెడితే నెలల తరబడి ఓడ కోసం ఆగుతుంది. మాంసం ఆగదు. అందుకే ముసలి గొర్రెల్ని కోసి, కొవ్వు కాచి పీపాల్లో పంపేవాళ్లు. 1950ల్లో ఏజాక్స్ బే అనే చోట మాంసం గడ్డకట్టించే పెద్ద ప్లాంటు కడితే కొద్ది ఏళ్లకే మూతపడింది. అర్జెంటీనాతో జరిగిన 1982 యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఆ ఖాళీ భవనాన్ని ఆసుపత్రిగా వాడుకుంది. యూరప్ ప్రమాణాలతో కబేళా వచ్చి మాంసం సక్రమంగా ఎగుమతి కావడం 2000 తర్వాతి మాట. అప్పటికే 1986-87 నుంచి ఆ దీవుల ప్రధాన ఆదాయం చేపల వేట లైసెన్సుల మీదికి మారిపోయింది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లోనూ ఇంతే. ఆ పేరుకు అర్థమే గొర్రెల దీవులు. ఒకప్పుడు ఉన్నిని బంగారమనేవాళ్లు, ఇప్పుడు గొర్రెను పెంచేది మాంసం కోసం. ఉప్పు కూడా వేయకుండా, గాలి ఆడే చెక్క కొట్టాల్లో నెలల తరబడి వేలాడదీసి ఆరబెడతారు. మన ఉప్పుకండలు తిన్నవాళ్లకు ఆ వాసన కొత్తగా అనిపించదు.

ఇక మన లంక. 2019 బక్రీద్‌కు పద్నాలుగు పొట్టేళ్లు అమ్మకానికి సిద్ధం చేశాను. బేరగాడు పడవలో లంకకే వచ్చాడు. ఒక్కోదాని నడుం మీద చేయి వేసి నొక్కి, కంటి అంచనాతో ధర చెప్పాడు. సరేనన్నాను. ఏడు పొట్టేళ్లు పడవ ఎక్కాక, రెండు ట్రిప్పులు పడుతున్నాయి, తలకు నాలుగు వందలు తగ్గించమన్నాడు. అప్పటికి పొద్దు వాలుతోంది, పైన వరద వస్తోందని కబురు. ఎక్కినవాటిని దించే ఓపిక నాకు లేదు, ఆ సంగతి అతనికి తెలుసు. ఒప్పుకున్నాను. పండగ దాటిన కొద్ది రోజులకే వరద వచ్చింది.

ఆ తర్వాత లంక మీద ఎప్పుడూ బేరం చేయలేదు. అమ్మే ముందురోజే మందను నేనే కరకట్ట మీదికి తెచ్చుకుంటాను. రాత్రి అక్కడే మేత, నీళ్లు. పొద్దున వేలాడే కాటా మీద తూకం వేసి, ఇద్దరు ముగ్గురు బేరగాళ్లను పిలుస్తాను. ముప్ఫై కిలోల పొట్టేలుకు మాంసం పద్నాలుగు, పదిహేను కిలోలు దిగుతుంది. ఆ రోజు మటన్ ధరను బట్టి ఎంత అడగాలో మీకే తెలిసిపోతుంది. పడవ కిరాయి మనమే పెట్టుకున్నా మిగులు ఎక్కువే. గొర్రెలు పడవ ఎక్కమని మొరాయిస్తే అన్నిటినీ లాగకండి. మంద ముందు నడిచే ముసలి గొర్రెను ఒక్కదాన్ని ఎక్కించి నిలబెట్టండి, మిగతావి దాని వెంట వచ్చేస్తాయి.

మందను పూర్తిగా నష్టపరిచేది కాలేయంలో పురుగులు చేరే జలగ రోగం. మొదటి ఏడు నాకు దీని గురించి ఏమీ తెలియదు. నీటి ఒడ్డున గడ్డి పచ్చగా ఉందని అక్కడే మేపాను. ఫిబ్రవరికి మూడు గొర్రెలకు దవడ కింద తిత్తిలా నీరు దిగింది. కనురెప్ప కిందికి లాగి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఒకటి చనిపోతే పశువుల డాక్టరు గారు కోసి చూపించారు. కాలేయం గట్టిపడి ఉంది, గొట్టాల్లోంచి ఆకుల్లాంటి చదును పురుగులు బయటికొచ్చాయి. నత్తల ద్వారా వస్తుందట. అప్పటి నుంచి మంచు ఆరేదాకా మందను వదలను, నీటి అంచుకు పోనివ్వను. నట్టల మందు కూడా అన్నిటికీ ఒకటి కాదు, జలగకు పనిచేసేదే డాక్టరునడిగి వాడండి. హఠాత్తుగా ప్రాణం తీసే చిటుకు రోగానికి టీకా వానలకు ముందే వేయించాలి. పీపీఆర్ (పారుడు రోగం), నీలి నాలుక టీకాలు కూడా మరవకండి. జబ్బు చేశాక డాక్టరును లంకకు రప్పించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఉన్ని లేదు కదా, మరి పాడవకుండా ఆగే సరుకేదని అడుగుతారేమో. ఎరువు. లంకలో పసుపు, కంద, అరటి వేసే రైతులు మీ చుట్టూనే ఉన్నారు. రాత్రిపూట వాళ్ల పొలంలో మంద కడితే డబ్బో, మేతో ఇస్తారు. నీళ్లు దాటించే పనే లేదు. నాకు పిల్లిపెసర మేత చాలావరకు ఇలాగే వచ్చింది. అరటితోటల్లోకి మాత్రం మందను పోనివ్వకండి, ఒక్కసారి పడి మేస్తే ఊళ్లో మాట పోతుంది.

చివరగా వరద, రాయడానికి నాకు కష్టంగా ఉన్న విషయం. 2024లో బక్రీద్ జూన్‌లోనే అయిపోయింది. పొట్టేళ్లు అమ్మేశాను. 64 గొర్రెలు, ఎక్కువ సూడివి, లంకలోనే ఉంచాను. ఆగస్టులోనే ఒడ్డుకు తేవాల్సింది, ఇంకో వారం చూద్దామనుకున్నాను. ఆగస్టు 31 రాత్రి వాన ఆగలేదు. సెప్టెంబరు 2కల్లా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకు ముందెన్నడూ రానంత. మేం చీకట్లో నాలుగు ట్రిప్పులు వేసి 41 గొర్రెల్ని తేగలిగాం. ఐదోసారి పడవ తిప్పేసరికి దొడ్డి దగ్గరికి పోయే దారి లేదు. అవి అరుస్తుంటే వినపడుతూనే ఉంది.

కాబట్టి నా సలహా: లంకలో ఏడాది పొడుగునా మంద ఉంచకండి. నవంబరులో నీరు తీశాక ఇరవై పిల్లలతో మొదలుపెట్టండి. ఇప్పుడు బక్రీద్ మే, జూన్‌లలోనే వస్తోంది, ఆలోపు పెంచి అమ్మేయండి. మిగిలినవాటిని జూలై దాటకుండా ఒడ్డుకు తెచ్చేయండి, దానికి కరకట్ట ఇవతల అరెకరం కౌలుకు చూసుకోండి. జాతీయ పశుసంపద మిషన్‌లో సగం సబ్సిడీ ఉంది గానీ అది వంద గొర్రెల యూనిట్ నుంచే, మొదటి ఏడు దాని జోలికి పోకండి.

గొర్రెలు కొనే ముందు రేవుకు వెళ్లి పడవాయనతో మాట్లాడండి. వరద రాత్రి ఫోన్ చేస్తే వస్తాడో రాడో మొహం మీదే అడగండి. మా పడవాయన రాత్రి ఒంటిగంటకు వచ్చాడు. ఆ 41 గొర్రెలు మిగలడానికి ఆయనే కారణం.